రెండో డిస్కు

శుక్రవారం పొద్దుగూకే యాళకి
మద్రాసు బస్సులో డ్రైవరు సీటు కింద నుంచి
ఒక అట్టపెట్టె దిగేది.
జిలానీ అన్న పళ్ళతోనే పురికొస తెంపి
"కొత్తవి వచ్చినాయి రా, గోడకు తగిలించు" అనేవాడు.
చిత్తూరు గిరింపేట సందులో ఆరడుగుల అంగడి.
నేను డిగ్రీ తప్పిన ఏడాది అది.

గోడ మీద అన్నీ మొహాలే.
కత్తి పట్టినోడు, కన్నీళ్ళు పెట్టిన ఆమె,
తమిళంలో అరిచినోడే తెలుగులో అరిచే ఇంకో అట్ట,
పన్నెండు డిస్కుల దయ్యాల సీరియల్,
దానికి మాత్రం వారం బాడుగ.
మిగతావి రాత్రికి పది రూపాయలు.
పదికి ఒకటే కత. అందుకే
పెళ్ళికి కోక ఎంచినంత సేపు నిలబడేవాళ్ళు జనం.

తపాలాఫీసు పరంజ్యోతి
వెనకట్ట చదివేవాడు, పొలం కాగితాలు చదివినట్టు.
చదివి చదివి కతంతా అక్కడే అయిపోయి
వట్టి చేతులతో ఇంటికి పోయేవాడు.
పిల్లోళ్ళు నాణెం ఎగరేసేవాళ్ళు,
నాణెం చెప్పింది వదిలేసి రెండోది తీసుకునేవాళ్ళు.

మామిడి కాలంలో
గుజ్జు ఫ్యాక్టరీ పగటి షిఫ్టు వదిలినాక దేశమ్మ వచ్చేది.
ముందు తోతాపురి వాసన, యెనక ఆమె.
పులుపుకు పగిలిన వేళ్ళు.
చదువు రాదు, అట్టల వైపు చూసేదే కాదు.
"డిస్కు తియ్యి" అనేది.
ట్యూబులైటు కిందికి పట్టి, వాల్చి, తిప్పి
గీతలు చూసేది,
కాయకి మచ్చ యాడుందో, దెబ్బ యాడుందో చూసినట్టు.
"దీని మీద గీతే లేదే. ఎవురూ చూళ్ళేదా?"
"ఆడలేదు పెద్దమ్మా ఆ సినిమా."
"పాపం. దాన్నే ఇయ్యి."

అట్ల, ఊరంతా వద్దన్న సినిమాలు
దేశమ్మ ఇంట్లో నూరు దినాలు ఆడినాయి.

ఒకనాడు పొద్దున్నే షిఫ్టుకు పోతా పోతా
కౌంటరు మీద పెట్టె పెట్టింది.
"రెండోది ఎయ్యలేదు రా నువ్వు.
వానలో బస్సు కోసం నిలబడిందే ఆ పిల్ల,
ఏమైంది?"
వెతికినాను. లేదు. మద్రాసు నుంచే రాలేదు.
ఆ సినిమా నేను చూసింది లేదు.
బయట ఫ్యాక్టరీ వ్యాను హారన్ కొడతా ఉంది.

"బస్సు ఎక్కలేదు పెద్దమ్మా.
నడుచుకుంటా పోయింది. సగం దావలో వాన నిలిచింది.
టీ అంగట్లో కూర్చోని దుడ్లు లెక్కపెట్టుకుంది.
సరిపోయినాయి."
"దేనికి?"
"అది చూపించలేదు."
దేశమ్మ కొంచేపు గడప మీదే నిలబడింది.
"బాగుండాది" అని
సగం సినిమాకి నిండు పది ఇచ్చి వ్యాను ఎక్కింది.
నేను తీసుకున్నాను.

ఇప్పుడు ఆ అంగట్లో సెల్‌ఫోన్లు బాగు చేస్తారు.
డిస్కులన్నీ తోటలోళ్ళు కొనుక్కోని పోయి
పిట్టల్ని బెదిరించను కొమ్మలకు కట్టినారు.
గీతలు పడినవీ పడనివీ
గాలికి ఒకే తీరుగా మెరస్తాయి.

శుక్రవారం మాత్రం వస్తానే ఉంది.
రాత్రి పదికి మంచం మీద నేను,
చేతిలో అంతు లేని గోడ.
కొత్తవి, ఈ వారానివి, నీకోసమే అనేవి.
బొటనవేలు పోతా ఉంటాది,
కంచంలో అన్నం చల్లారతాది.
"ఏదో ఒకటి పెట్టు సామీ" అని
మొగిలీశ్వరి గోడ తట్టు తిరిగి నిద్రపోతాది.
ఒక్కదాన్నీ వెలుతురుకు పట్టి చూసేదానికి లేదు.

నిన్న కనపడింది అది.
అదే పిల్ల, అదే బస్టాపు.
రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు, మొత్తం.
పెట్టినాను.
వాన మొదలైంది.
మలుపులో బస్సు దీపాలు కనపడినాయి.
అక్కడ ఆపి, లేచి,
చల్లారిన అన్నం తిన్నాను.